ఒక పొయ్యి బరువు

ప్రతి సోమవారం పొద్దున డ్యూటీకి పోయే ముందు నిర్మల, మొగులయ్య పాత ఇనుపసామాను దుకాణంలో కాంటా ఎక్కుతుంది. శంషాబాద్‌లో మనుషుల్ని తూచే మిషన్లు లేక కాదు. దవాఖానలోది ఎక్కితే నర్సు ముఖం చూడాలి, ఆ ముఖం చూశాక రోజంతా పాడు. మొగులయ్య దగ్గర ఆ బాధ లేదు. విరిగిన సైకిళ్లూ కూలర్ రేకులూ దిగాక నిర్మల ఎక్కుతుంది, ఆయన అంకె చదివి గోడ మీద చాక్‌పీసుతో రాస్తాడు.

"ఎనభై ఆరు," అన్నాడు ఆ వారం కూడా.

"సరిగ్గ చూడన్నా."

"చూసిన. పోయిన వారం గంతే, అంతకుముందు వారం గంతే. కాంటా ఖరాబైందేమోనని పొద్దుగాల కూలర్ పెట్టి చూసిన. కాంటా మంచిగనే ఉంది."

అయిదు వారాలుగా ఇదే అంకె. నిర్మల పొద్దున అయిదింటికి లేచి సర్వీస్ రోడ్డు మీద నడుస్తుంది, మధ్యాహ్నం ఒక్క రొట్టె తింటుంది, రాత్రి మజ్జిగతో సరిపెడుతుంది. ఆకలి ఆమెకు ఇంటి మనిషైపోయింది. నలభై తొమ్మిదేళ్లు. ఎయిర్‌పోర్టులో నేల తుడిచే పని, ఎనిమిది గంటలు నిలబడాలి. మోకాళ్లు అరిగిపోయాయి, ఎనభైకి దిగితేనే ఆపరేషన్ చేస్తానని డాక్టరు తేల్చి చెప్పాడు. ఎనభై అంటే ఆయనకు అంకె. ఆమెకు ఇంకో పదేళ్ల నడక.

నిర్మల ఇంట్లో బరువు సంగతే వేరు. తింటే పెరగడం అందరిలాగే పెరుగుతారు గానీ, ఒకసారి చేరిన బరువు ఇల్లు దాటి పోదు. ఒకరి ఒంట్లోంచి దిగిందంటే ఇంకొకరి ఒంట్లోకి ఎక్కాల్సిందే. ఒక పొయ్యి మీద వండింది తినేవాళ్ల మధ్యే అది తిరుగుతుంది. కడుపులో బిడ్డకూ పసిగుడ్డుకూ మాత్రం ఇంట్లో పెద్దల ఒంట్లోంచి దిగిందే పట్టాలి. నిర్మల మొగుడు సత్తయ్య తాతల నాటి నుంచీ అంతే. కొన్ని ఇళ్లకు బట్టతల వస్తుంది, కొన్ని ఇళ్లకు ముక్కు మీద కోపం వస్తుంది, వీళ్లకు ఇది. ఎయిర్‌పోర్టు కోసం భూమి పోయిన మరుసటేడు సత్తయ్యకు షుగర్ పట్టుకుని ఇరవై కిలోలు దిగాడు. ఆ ఇరవై నిర్మలకు ఎక్కాయి. మొగుడి జబ్బుకు పెళ్లాం లావెక్కిందని చుట్టాల్లో ఒక్కరూ వింతపడలేదు.

మరి ఆమె తగ్గాలంటే ఎవరో ఒకరు తీసుకోవాలి. షుగర్ మనిషి సత్తయ్య ఒంట్లో ఏదీ నిలవదు. కొడుకు చందు క్యాబ్ నడిపి నడిపి పొట్ట స్టీరింగ్‌కు తగులుతోంది, ఇంక తీసుకునే జాగా లేదు. రెండేళ్లు నిర్మల ఎంత కడుపు మాడ్చుకున్నా తొంభై రెండు తొంభై రెండుగానే ఉంది. ఆ తర్వాత కోడలు సరితకు నెల తప్పింది. నాలుగో నెల నుంచి ఆరో నెల నిండేదాకా నిర్మలకు ఆరు కిలోలు ఇట్టే దిగాయి. గాజులు వదులయ్యాయి. మోకాళ్లు కూడా కొంచెం మాట విన్నాయి. పాపం, ఆ సంబరంలో ఇంటి సంగతి మరిచి అదంతా తన నడక మహిమేనని అనుకుంది. ఇప్పుడు ఆగిపోయేసరికి ఏడుపొస్తోంది.

ఆ సాయంత్రం చందు రావిర్యాల నుంచి వచ్చాడు. సరిత అక్కడ, పుట్టింట్లో ఉంది. చెప్పులు విప్పకుండా గడప మీదనే కూర్చున్నాడు.

"అమ్మా, స్కానింగ్ తీసిండ్రు. లోపల బిడ్డ పెరుగుతలేదట. తోలుకపోయినప్పుడు కిలో వంద ఉండె. ఐదు వారాలకు కిలో రెండొందలే."

"డాక్టరమ్మ ఏమన్నది?"

"రెండు వారాలు చూస్తదట. గట్లనే ఉంటే కోసి తీస్తదట. అంత చిన్న ప్రాణం... బతుకుతదని మాట ఇయ్యలేనన్నది."

నిర్మల గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అయిదు వారాలు. గోడ మీద మొగులయ్య రాసిన అంకెలూ అయిదే.

ఏడో నెల పడగానే సరిత తల్లి రుక్కమ్మ వచ్చి, ఒడిబియ్యం పోసి, గాజులు తొడిగి బిడ్డను తోలుకపోయింది. అందరు తల్లులూ చేసేదే. అయితే నిర్మలకు పెళ్లికి ముందే తల్లి పోయింది, చందును ఈ ఇంట్లోనే కన్నది. అత్తకు కూడా ఆ గతే. ఈ ఇంటి నుంచి కాన్పుకని పుట్టింటికి పోయిన కోడలు అంతకుముందు లేనే లేదు. గాజుల సంబరంలో, ఫొటోల హడావిడిలో పొయ్యి మారుతోందన్న సంగతి ఒక్కరికీ తట్టలేదు. పెద్దదాన్నయి ఉండి తనకైనా తట్టొద్దా అని నిర్మల తనను తాను తిట్టుకుంది. తన ఒంట్లో దిగక కూర్చున్నది ఎవరి కండో ఇప్పుడు తెలిసింది.

"నేను రావిర్యాల పోత," అంది.

"డ్యూటీ?" అన్నాడు సత్తయ్య.

"వారం దాటితే పేరు కొట్టేస్తరు. కొట్టెయ్యనీ."

వియ్యంపురాలి ఇంటికి పోయిన ఆడమనిషి మర్యాదకు ఒక పూట తిని, చీర పెట్టించుకుని, పొద్దుండగానే తిరిగి రావాలి. బట్టల సంచి పట్టుకుని దిగిన నిర్మలను చూసి రుక్కమ్మ మంచినీళ్లయితే ఇచ్చింది గానీ ముఖం గంటు పెట్టుకుంది.

"మేము పిల్లకు తిండి పెడ్తలేమా వదినా? అత్త వచ్చి పుట్టింట్ల కూసున్నదంటే ఊరోళ్లు ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనీ. సరితను తీస్కపోదామంటే మంచం దిగొద్దన్నరు. ఇగ నేనే రావాలె. నీ పొయ్యి మీద వండింది నాకింత పెట్టు. మూలకు చాప ఏసుకొని పండుకుంట."

సత్తయ్య ఇంటి సంగతి రుక్కమ్మకు పెళ్లిచూపుల నాడే చెప్పారు, దాచిందేమీ లేదు. ఆమెకూ తట్టలేదు, అంతే. లోపలికి పోయి రెండు కంచాలు కడిగింది.

ఊరు ఊరుకుంటుందా? బోరింగు దగ్గర రోజూ అదే ముచ్చట. కోడలికి కాపలా కూర్చుందన్నారు, ఇంట్లో గింజల్లేక వచ్చిందన్నారు. నిర్మల విన్నది, నీళ్లు మోసింది, బీరకాయలు చెక్కింది. మోకాళ్ల నొప్పికి కూర్చుంటే లేవలేదు, లేస్తే కూర్చోలేదు. పరాయి ఇంట్లో చెయ్యి చాచి తినడం ఆ నొప్పి కంటే కష్టమనిపించింది. మూడో రోజు అన్నం తిని సరిత పక్కన నడుం వాలిస్తే, ఒంట్లోంచి బరువు మెల్లగా జరుగుతున్నట్టు తెలిసింది. లంగా బొందె ఒక ముడి ముందుకు వచ్చింది.

"అత్తమ్మా, తంతున్నది," అంది సరిత కళ్లు మూసుకునే.

"తన్ననీ బిడ్డా."

రెండు వారాలకు స్కానింగులో కిలో ఆరొందలు. డాక్టరమ్మ కత్తి పక్కన పెట్టింది. ఎయిర్‌పోర్టు పని ఇచ్చే కాంట్రాక్టరు మాత్రం అనుకున్నట్టే నిర్మల పేరు కొట్టేశాడు. తొమ్మిదో నెలలో ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోలు. ఏడుపు సన్నగా ఉంది, పాలు రెండు గుక్కలు తాగి అలిసిపోయేది. అడుగున చిల్లి పడ్డ కుండలో నీళ్లలాగా నిర్మల బరువు దిగినకొద్దీ ధార సన్నబడింది. ఎనభై ఒకటికి వచ్చాక చుక్క చుక్కగా జారింది. పిల్ల మొదట్లో కొంచెం పెరిగింది, తర్వాత అయిదు రోజులు అక్కడే ఆగింది.

ఆరో రోజు మధ్యాహ్నం చందు వచ్చాడు. వస్తూనే తల్లిని కిరాణా కొట్టు కాంటా ఎక్కించాడు. ఎనభై.

"అమ్మా, నీ మోకాళ్ల డాక్టర్‌కు ఫోన్ కొట్టిన. సోమవారం రమ్మన్నడు. సోమవారం తప్పితే మల్ల ఆరు నెలలట. సంచి సర్దుకో."

తనకు బదులు చందును ఇక్కడ ఉంచుదామంటే, ఇప్పుడు ఇల్లు గడిచేది అతని క్యాబ్ మీదనే. ఆపరేషన్ అంటే పది రోజులు దవాఖాన తిండి, ఆపైన రెండు నెలలు శంషాబాద్‌లో మంచం. ఇక్కడ పొయ్యి ఇక్కడే ఉంటుంది, తన ఒంట్లోది పిల్లకు అందదు. ఇంత బలహీనంగా ఉన్న పిల్లను మూడో నెల దాకా గడప దాటించొద్దని చెప్పారు. లోపల పిల్ల ఏడుస్తోంది. ఆ ఏడుపు వాకిలి దాకా కూడా రావడం లేదు.

రుక్కమ్మ అంతా విన్నది. ఇప్పుడు ఆమె గొంతులో ఆనాటి బిగువు లేదు.

"వదినా, పొమ్మంటే నాకు పాపం, ఉండుమంటే నీకు అన్యాలం. నేనేం చెప్తనే?"

నిర్మలకు నిజంగా దుఃఖమొచ్చింది. రెండేళ్లకు పైగా కడుపు మాడ్చుకుని చేరుకున్న అంకె. దాని మీద నిలబడి పట్టుమని ఒక్క రోజు కాలేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, గోడ పట్టుకుని, రెండుసార్లు ప్రయత్నించి లేచింది. మెల్లగా పోయి పొయ్యి ముందు కూర్చుంది.

"చందూ, డాక్టర్‌కు ఫోన్ చేసి ఇప్పుడు రాదని చెప్పు."

"మరి నీ కాళ్లమ్మా?"

"గిన్ని దినాలు నడిసినయి, ఇంకిన్ని దినాలు నడుస్తయి."

రుక్కమ్మ జొన్నరొట్టె వేసి, పప్పు పోసింది. నిర్మల తిన్నది. ఇంకొకటి వేస్తే అదీ తిన్నది. చాలా కాలం తర్వాత కడుపు నిండింది, అయినా చెయ్యి కడగలేదు.

"ఇంకోటి వెయ్యి వదినా," అంది. "జర నెయ్యి కూడ."