మోకు మీద కాలు

సిలోను కల్లు కాంట్రాక్టరు ఏజెంటు మా ఊళ్లో దిగిన నాడు, మూడేళ్లుగా నన్ను కుంటోడా అని పిలిచిన నోళ్లన్నీ రాయమల్లన్నా అన్నాయి.

పోలీసు యాక్షను అయిన మూడో ఏడు. అంతకు ముందు ఉద్యమంలో నిజాం ఖజానాకు గండి కొట్టాలని మా తాటివనం నరికేశారు. నరికినవాళ్లు గెలిచి దండలు వేసుకున్నారు. మూడు వందల చెట్లలో నలభై మిగిలాయి. గీసే చేతులు మాత్రం అన్నీ మిగిలాయి. చెట్టెక్కే మనుషులు పెద్దపల్లి పోయి బియ్యం బస్తాలు మోశారు.

ఏజెంటు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. యుద్ధం రోజుల్లో నేను బొంబాయి పోయి, అక్కడ దొరికిన ఒక మలబారువాడి వెంట సిలోను చేరి, వీళ్ల కాంట్రాక్టరు దగ్గరే రెండేళ్లు కొబ్బరి కల్లు గీశాను. కాలు విరగ్గొట్టుకుని వచ్చాను. చెట్టు మీంచి జారానని ఊళ్లో చెప్పాను.

జారలేదు. అక్కడ చెట్టు చెట్టుకూ ఎక్కి దిగరు. కొబ్బరి చెట్ల తలల మధ్య రెండేసి తాళ్లు కడతారు. కింది తాడు మీద కాళ్లు, పై తాడు మీద చేతులు. పొద్దున ఒక చెట్టెక్కినవాడు తోటంతా గీసి ఇంకో చెట్టు దిగుతాడు. అక్కడి గీతగాళ్లు కూలి పెంచమని పని బంద్ పెట్టినప్పుడల్లా కాంట్రాక్టరు బయటి దేశం వాళ్లను దింపుతాడు. పరాయివాడికి ఆ దీవిలో పని దొరికేది అట్లాగే. బంద్ పెట్టినవాళ్లు మనల్ని కొట్టరు, తిట్టరు. కింది తాడును సగం కోసి వదిలేస్తారు.

నేను నడుస్తుండగా తెగింది. నా మోకును పై తాడు మీదుగా వేసి నడుముకు కట్టుకునే అలవాటు నా ఒక్కడికే ఉండేది. అందరూ నవ్వేవారు. ఆ మోకుకే వేలాడాను. ఊగిపోయి చెట్టుకు కొట్టుకుంటే కాలు పోయింది, ప్రాణం ఉంది.

మోకంటే చెట్టుకూ మా నడుముకూ కలిపి వేసుకునే తాడు. పెళ్లాన్ని తిట్టేవాడు కూడా మోకును తిట్టడు. దాటడు, తొక్కడు. తెలియక కాలు తగిలితే కళ్లకద్దుకుంటాడు. మనిషి పోయినా అతని మోకు ఇంట్లో చిలక్కొయ్యకు ఉంటుంది.

"ఆరుగురు కావాలయ్యా. ఏడోవాడివి నువ్వు," అన్నాడు ఏజెంటు. నెల్లూరు వైపు మనిషి. "నువ్వు చెట్టెక్కనక్కర్లేదు. కల్లు షెడ్డు దగ్గర కూచుని కాపలా కాయి. ఎదురు చెప్పేవాళ్లు మాత్రం నాకొద్దు. అట్లాంటివాళ్లు అక్కడే కావలసినంతమంది ఉన్నారు."

"పర్మిట్లు?"

"మా దొర చూసుకుంటాడు. ఓడెక్కే ముందు మండపం క్యాంపులో డాక్టరు చూస్తాడు, టీకా వేస్తారు, కాగితం మీద ముద్ర కొడతారు. అంతే."

కూర్చుని చేసే పని. నా సొంత పని. అప్పటికి నేను మా చెల్లెలు శంకరవ్వ ఇంట్లో తింటున్నాను. ఆమె మొగుడు బుచ్చిరాములు జ్వరంతో పోయాడు. కొడుకు సిద్దిరాములు ఇరవై ఏళ్లవాడు, మిగిలిన చెట్లలో రెండు గీస్తాడు. ఆమె ఒక్క మాట అనేది కాదు. తను జొన్న గటక తాగి నాకు అన్నం పెట్టేది. ఆ అన్నం మింగడం ఎంత కష్టమో తిన్నవాడికే తెలుసు.

కల్లు తాగే మండువ దగ్గర అందరూ నా చుట్టూ కూర్చున్నారు.

"రాయమల్లన్నా, లంకల ఇంక రాక్షసులున్నరా?" అన్నాడు అంజన్న. మాలో పెద్దవాడు, నోరున్నవాడు.

"ఉన్నరు. నీ అత్తగారి తరఫోళ్లే."

నవ్వారు. "తిండేందే?" అన్నాడు దశరథం. అతనికి ముగ్గురు పిల్లలు.

"బియ్యమే. మూడు పూటలా బియ్యం. కొబ్బరి పాలల్ల చేపలు."

"అబ్బ! ఒక్క పూట తిని సచ్చినా ఫికర్ లేదు."

"మామా," అన్నాడు సిద్దిరాములు. "చెట్లు వాళ్లయి గదా. మనం పోయి గీస్తమంటే గక్కడోళ్లు ఊకుంటరా?"

అంతమందిలో అడగవలసిన మాట అడిగినవాడు వాడొక్కడే.

"వాళ్లకు పని చాతగాదురా," అన్నాను. "అందుకే మనల్ని పిలుస్తున్నరు."

మర్నాడు పొద్దున వనంలో పరీక్ష, తాడు మీద ఎవరు దాటగలరో చూడడానికి. పక్కపక్కన ఉన్న రెండు తాటిచెట్లకు నాలుగు నిలువుల ఎత్తున తాళ్లు కట్టాలి. పై తాడుకు బావి మోటతాడు తెచ్చారు. రెండో మోటతాడు పటేలు కొట్టంలో ఉందని నాకు తెలుసు. చెప్పలేదు.

"కింద కట్టనీకి ఇంకోటి లేదు. రెండు మోకులు ముడేస్తే సరిపోతది," అన్నాను.

అంజన్న లేచాడు. "దేని మీద కాలు పెట్టాల్నో ఎరికేనా నీకు?"

"ఎరికే. కాలు పెట్టనోడు గక్కడ పనికిరాడు."

అది అబద్ధం కాదు. ఒక్కసారి మోకు తొక్కినవాడు ఇక దేనికీ కాదనడు. నన్ను కుంటోడా అన్నవాళ్లు నా ఎదుట అది తొక్కడం చూడాలని కూడా నాకు ఉంది. ఒక మోకు నాది. రెండోది సిద్దిరాములు భుజం మీంచి నేనే తీసుకున్నాను. బుచ్చిరాములు తన చేతులతో పేనుకున్న మోకు అది.

అంజన్న నా కాళ్ల ముందు ఉమ్మేశాడు. "కాటమయ్య దేవుడు చూస్తుండు రాయమల్లూ. నీ రెండో కాలు గూడ జాగ్రత్త." వెళ్లిపోయాడు. అతనితో పదిమంది వెళ్లిపోయారు.

దశరథం ముందు ఎక్కాడు. ముడి దగ్గర ఆగి కళ్లు మూసుకున్నాడు. పెదాలు కదిలాయి. దండం పెట్టుకున్నాడో, పిల్లల పేర్లు చెప్పుకున్నాడో. దాటాడు. దిగి దూరంగా పోయి కక్కుకున్నాడు. అతని వెనక ఇంకో నలుగురు దాటారు. ఒకడు ఏడుస్తూ దాటాడు. ఏజెంటు బీడీ కాలుస్తూ వేళ్లు మడిచాడు.

"ఐదు," అన్నాడు నన్ను చూసి.

సిద్దిరాములు చెట్టు కింద నిలబడి ఉన్నాడు. ఎవరో చెప్పినట్టున్నారు, శంకరవ్వ పరుగెత్తుకుంటూ వచ్చింది.

"వద్దు కొడుకా! అది మీ బాపుది!"

"ఏడువనీయ్ రా," అన్నాను. "లేకుంటే అవ్వ కొంగు పట్టుకొని ఉండు. రెండు చెట్లున్నయ్ గదా, ముసలోనివయ్యేదాక గీక్కో. అవ్వ గటక తాగవట్టె, నువ్వు సూడవట్టె. మొగోనివేనా?"

"అన్నా, నీకు దండం పెడత," అంది శంకరవ్వ.

వాడు నా వైపే చూస్తూ ఎక్కాడు. అందరూ దేకినట్టు దాటిన తాడు మీద వాడు నడిచాడు. మధ్యలో, వాళ్ల బాపు మోకు మీద, ఆగాడు. పై తాడు ఒక చేత్తోనే పట్టుకుని కిందికి చూశాడు. అంత చక్కగా నేను ఎన్నడూ నడవలేదు. నాకు కడుపులో మండింది.

"ఆరు!" అన్నాడు ఏజెంటు.

శంకరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను నా మూట సంగతి అడిగాను. ఎప్పుడు కట్టుకోవాలి అని. ఏజెంటు బీడీ పారేశాడు.

"నువ్వెక్కడికయ్యా? మండపంలో డాక్టరు నీ కాలు చూస్తే అక్కణ్ణించే వెనక్కి తోలేస్తాడు. ఒకవేళ పోనిచ్చినా నిన్ను చూసి వీళ్లు బెదురుతారు."

"షెడ్డు కాపలా అన్నరు గదా."

"అన్నాను. మనుషులు కావాలి కదా మరి." నా భుజం తట్టాడు. "అయినా ఇక్కడ నీకేం తక్కువయ్యా? చెల్లెలు పెడుతోందిగా."

ఆ పగలంతా శంకరవ్వ వాకిట్లో కూర్చుని ముడి విప్పింది. ఆరుగురు మనుషుల బరువుకు అది బిగిసిపోయింది. కత్తి ఇవ్వబోతే నా చేయి తోసేసింది. పళ్లతో విప్పింది. నా మోకు నా ముందు పడేసి, మొగుడి మోకును కడిగి, పసుపు పూసి ఆరేసింది.

మర్నాడు పెద్దపల్లి టేషన్లో మద్రాసు బండి కోసం నిలబడ్డాం. సిద్దిరాములు మూట మీద ఆ మోకు చుట్టి ఉంది.

"అన్నా," అంది శంకరవ్వ. నిన్నటి నుంచి ఆమె నాతో అన్న మొదటి మాట. "నువ్వక్కడ ఉండొచ్చినవ్. జర నిజం చెప్పు. గా తాళ్ల మీద ఇది అక్కెరకొస్తదా?"

"చెప్పు మామా," అన్నాడు సిద్దిరాములు. "నువ్వు కట్టుకునేటోనివా?"

బండి కూత వేసింది. ఏజెంటు రైలు డబ్బా తలుపు దగ్గర నిలబడి తమలపాకులు మడుస్తున్నాడు. వాడి పక్కన ఐదుగురు, వాడి కాగితాల్లో ఆరుగురు. నేను లేను.

"లేదు," అన్నాను. "గక్కడ ఎవ్వరు కట్టరు. చూస్తే నవ్వుతరు. ఇంటికాడ ఉండనీ."

వాడు మోకు విప్పి, కళ్లకద్దుకుని, తల్లి చేతిలో పెట్టాడు. నా కాళ్లకు దండం పెట్టాడు. మంచి కాలికీ, కుంటి కాలికీ.

మరుసటి ఏడు, బతుకమ్మ రేపనగా, దశరథం ఒక్కడే తిరిగొచ్చాడు. చిక్కిపోయి, ఎవరూ గుర్తుపట్టనట్టు ఉన్నాడు. సరాసరి శంకరవ్వ వాకిట్లోకి వచ్చి నేల మీద కూర్చున్నాడు. నేను అన్నం తింటున్నాను.

"కింది తాడు కోసిన్రు అక్కా," అన్నాడు. "మన పిలగాడు నడుమ ఉండంగ తెగింది. చేతులతోని పై తాడు పట్టుకొని ఏలాడిండు. నేను ఇంకో చెట్టు మీదున్న. పోదామంటే తాడు లేకపాయె. కింద వాళ్లందరు నిలబడి చూస్తున్నరు."

"ఎంతసేపు?" అంది శంకరవ్వ.

"ఒక బీడీ కాలేంతసేపు."

ఆమె ఏడవలేదు. దశరథమే ఏడ్చాడు. ముక్కు చీది, నా వైపు తిరిగాడు.

"రాయమల్లన్నా, గక్కడోళ్లకు నువ్వు ఇంక యాదికున్నవ్. మోకోడు అంటరట నిన్ను. గట్లనే నీ తాడు గూడ కోసిన్రట గదా, మోకు కట్టుకున్నందుకు బతికినవట గదా. మాకొక్క మాట చెప్పకపోతివేందే?"

నా చేతిలో ముద్ద ఉంది. తినాలో కింద పెట్టాలో తెలియలేదు.

శంకరవ్వ లోపలికి పోయింది. చిలక్కొయ్య మీంచి మోకు తెచ్చింది. పసుపు ఇంకా పోలేదు. నా విస్తరి పక్కకు జరిపి, ఆ చోట నేల మీద దాన్ని చాచి పరిచింది.

"లే," అంది.

లేచాను.

"కాలు పెట్టు."

"శంకరీ..."

"వానితోని పెట్టించినవ్ గదా. పెట్టు."

గోడ పట్టుకుని కుంటి కాలు ఎత్తి పెట్టాను. సిలోనులో రెండేళ్లు తాళ్ల మీద నడిచాను కానీ, మోకు తొక్కడం అదే మొదలు. అరికాలికి మెత్తగా తగిలింది. ఏమీ కాలేదు.

"రెండోది," అంది.