సొన తగలని వేలు

మా చెల్లెలు మునిరత్నమ్మ పోయింది 1982 జూలై ఐదో తేదీ, సోమవారం. చిత్తూరులో నేను ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. మూడో పీరియడు సగంలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేస్త్రీ కుప్పుస్వామి వచ్చాడు. చెప్పులు వరండాలోనే విడిచి తలుపు దగ్గర నిలబడ్డాడు. బడికి వచ్చిన మనిషి చెప్పులు ఎందుకు విడిచాడో నాకు వెంటనే తెలిసింది. బోర్డు మీద లెక్క సగంలోనే ఉండిపోయింది.

కామెర్లు. మంచం పట్టింది నాలుగు రోజులే. అంతకు ముందు రోజు దాకా ఫ్యాక్టరీకి పోయింది.

బంగారుపాళ్యం దగ్గర మా ఊరికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆడవాళ్లు స్నానం చేయిస్తున్నారు. ఎడమ చెయ్యి నేను పట్టుకున్నాను. బొటనవేలు నల్లబడి, తోలు ఊడి, ఏట్లో రాయిలా నున్నగా ఉంది. ఒక్క గీత లేదు.

"కాయల కాలం గదమ్మా, మాకందరికీ ఇంతే" అని, ఆమెతో పనిచేసే సంతోషమ్మ తన వేలు చూపించింది. అదీ అలాగే ఉంది.

మే నెల నుంచి ఆగస్టు దాకా వాళ్ల పని కాయల తొడిమలు కోయడం. కత్తి కుడిచేతిలో, కాయ ఎడమచేతిలో. తొడిమ కోసిన చోట కారే సొన ఎడమ బొటనవేలి మీదే పడుతుంది. పదిరోజులకు గీతలు పోతాయి, మళ్లీ దసరాకు గాని రావు. పొద్దున హాజరు పుస్తకంలో వేలిముద్ర వేస్తే అందరివీ ఒకే రకం మచ్చలు. "ఇవి మనుషుల ముద్రలా, దోసెలా?" అని కుప్పుస్వామి తిట్టేవాడట. పేరు రాయగలిగినవాళ్లు రాయండి అన్నాడు. అందుకే రెండేళ్ల కిందట నా చెల్లెలు వరసగా ఆరు ఆదివారాలు చిత్తూరు వచ్చి, నా దగ్గర తన పేరు రాయడం నేర్చుకుంది. ముప్పై ఆరేళ్ల వయసులో పలక పట్టుకుని, వంటింట్లో, తలుపు దగ్గరగా వేసుకుని.

"అన్నకు చెప్పొద్దక్కా" అంది. "నవ్వుతాడు. నీ పక్కన కూర్చుని నేనూ టీచరమ్మ అయిపోయినానంటాడు."

నేను చెప్పలేదు. మా తమ్ముడు దేవరాజులుకు మునిరత్నం చివరిదాకా వేలిముద్ర మనిషే.

ఆమె మొగుడు గూడూరులో ఇంకో సంసారం పెట్టుకుని పన్నెండేళ్లయింది. మూడేళ్ల బిడ్డ పంకజను చంకన వేసుకుని పుట్టింటికి వచ్చింది. నాయన ఎవరినీ ఏమీ అడగలేదు. తాను పోకముందే బావి పక్కన ఎకరా తోట ఆమె పేరుతో రాయించాడు. "తిరిగొచ్చిన బిడ్డ వదినె మొగం సూసి అన్నం తినగూడదు" అన్నాడు. మునిరత్నం దాన్ని ఎప్పుడూ నా తోట అనలేదు. పంకజ తోట అనేది. పంకజ పది పూర్తి చేసి తిరుపతిలో చదవాలనీ, ఆ ఎకరా చేతిలో ఉంటే ఎవరూ వద్దనలేరనీ ఆమె లెక్క.

పదకొండో రోజు కర్మ అయింది. మా వైపు కాగితాల పనులు ఆ రోజే పెట్టుకుంటారు. చుట్టాలందరూ ఒకచోట దొరుకుతారు, ఏడ్చి ఏడ్చి ఉంటారు కాబట్టి వాదనలు ఉండవు. భోజనాలయ్యాక దేవరాజులు నా దగ్గరికి రెండు కాగితాలు తెచ్చాడు. రెండూ పైకి మడిచి ఉన్నాయి. సాక్షులు అని రాసిన చోటు మాత్రం కనబడుతోంది.

"పంకజ పేరుకు మార్చే కాగితాలక్కా. కరణం అడిగినాడు. నువ్వు చదువుకున్నదానివి, నీ సంతకముంటే ఎవురూ మాట్లాడరు."

ఇరవై నాలుగేళ్లుగా పిల్లలకు చెబుతున్నాను, చదవకుండా దేని కిందా పేరు రాయవద్దని. ఆ రోజు నా కళ్ళద్దాలు పూజగదిలో ఉన్నాయి. లేచి తెచ్చుకోలేదు. రెండిటి మీదా సంతకం పెట్టాను.

మరుసటి రోజే పంకజను నాతో చిత్తూరు తెచ్చి, మా బడిలో పదిలో చేర్చాను.

ఆగస్టు చివర ఒక శనివారం కరణం వరదయ్య ఇంటికి పోయాను. పట్టా ఎంతవరకు వచ్చిందని అడిగాను. ఆయన చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"పంకజ పేరా? తోట మీ తమ్ముడి పేరుకు పోయింది గదమ్మా."

"ఎట్లా పోయింది?"

"మీ చెల్లెలే వదిలేసింది. మీరే సాక్షి."

కర్మ రోజు నేను సంతకం పెట్టిన కాగితమూ, దాని నకలూ తీసి చూపించాడు. స్టాంపు కొన్న తేదీ, కాగితం రాసిన తేదీ రెండూ జూన్ పద్దెనిమిది. మా నాయన ఇచ్చిన ఎకరా తోటను అన్నకు ఇష్టపూర్తిగా వదులుకుంటున్నానని రాసి ఉంది. కింద ఊదారంగు వేలిముద్ర. ఎడమ బొటనవేలు, మునిరత్నమ్మ నిశాని అని ఎవరో రాశారు. దాని కింద నా సంతకం, నా చేతిరాతే.

ముద్రను వెలుతురుకు పట్టి చూశాను. గీతలు ఒకదాని పక్కన ఒకటి చక్కగా, దువ్విన జుట్టులా ఉన్నాయి.

"ఈ కాగితం మీరు రాసినారా వరదయ్యగారూ?"

"నేను రాయలేదమ్మా. ఆయనే తెచ్చిచ్చినాడు. మీ సంతకం చూసి ఇంకేమీ అడగలేదు నేను."

ఆయన నా మొహం చూడకుండా ఆ మాట అన్నాడు. ఆయనకూ తెలుసనిపించింది. తెలియకపోయినా అలాగే మాట్లాడతారనీ అనిపించింది. ఆ రోజు నుంచి నాకు ఎవరి మాటా ఒకే అర్థంతో వినబడలేదు.

జూన్ పద్దెనిమిదిన నా చెల్లెలి వేలికి గీతలు లేవు. మరి ఇది ఎవరి వేలు?

నాకు మొదట గుర్తొచ్చింది దేవకమ్మ, దేవరాజులు భార్య. కర్మ రోజు వడ్డించేటప్పుడు ఆమె ఎడమచెయ్యి కొంగు కింద పెట్టుకుని కుడిచేత్తోనే గిన్నె దించడం, ఎత్తడం చేసింది. అప్పుడు నేను దాన్ని చూశాను గాని పట్టించుకోలేదు. ఇంటి పనే గాని ఫ్యాక్టరీ పని ఎరుగని చెయ్యి అది.

కరణం ఇంటి నుంచి నేరుగా వాళ్లింటికి పోయాను. దేవకమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. పక్కన కూర్చుని నేనూ తీశాను. ఆమె వేలు ఎప్పుడు కనబడుతుందా అని చూశాను. కాసేపటికి ఆమే చెయ్యి నా ముందు పెట్టింది.

"దీనికేగా వచ్చినావు వదినా? సూడు."

బొటనవేలి కొసన అడ్డంగా పెద్ద గాటు. మానింది గాని మచ్చ ఎర్రగానే ఉంది. కాగితం మీది ముద్రకు గాటు లేదు.

"ఎప్పుడు తెగింది?"

"కర్మ రోజు పొద్దున్నే. ముందు దినం ఆయన అడిగినాడు, ఒక కాగితం మీద వేలెయ్యల్ల అని. ఎవురి పేరు మిందనో కూడా చెప్పినాడు. సరేనంటిని. పొద్దున్నే కత్తిపీట ముందర కూర్చున్నా, వంటకు కాకరకాయలు తరగల్ల గదా."

"తెగిందా, కోసుకున్నావా?"

ఆమె ఒక గింజ తీసి పక్కన పడేసింది.

"కాకరకాయ తరగతా ఉంటే తెగింది" అంది. "ఆయనతో అట్లే చెప్పినా. నీతో కూడా అట్లే చెప్తా ఉండా."

పెళ్లయి ఇరవై ఏళ్లయినా ఆమె ఆయన ఎదుట వద్దు అన్న మాట అనడం నేను వినలేదు. ఆ పూట ఆమె మీద నా అనుమానం పోయింది. అంతకాలం ఆమెను నేను చూసిన తీరుకు సిగ్గు మిగిలింది.

"మరి వేసిందెవరు దేవకీ?"

"నేను సూడలేదు. నన్ను వంటింట్లోంచి రావద్దన్నాడు." చాట పట్టుకుని లేచింది. "సొన తగలని వేలు ఈ ఇంట్లో ఇంకెన్ని ఉండాయో నువ్వే ఎంచుకో వదినా."

దేవరాజులు తోట నుంచి వచ్చాడు. నన్ను చూసి నవ్వాడు. కాళ్లు కడుక్కుని తీరిగ్గా మంచం మీద కూర్చున్నాడు.

"కరణం ఇంటికి పోయినావంటనే అక్కా. మజ్జిగ తాగినావా?"

"ఆ ముద్ర మునిరత్నానిది కాదు."

"నువ్వు సాక్షివి. ఆ ముద్ర నీ ముందర పడిందని కాగితం చెప్తా ఉంది. సూసి పెట్టినావా సంతకం, సూడకనే పెట్టినావా? సూసినా అంటే తోట నాది. సూడలేదంటే టీచరమ్మ దొంగ సాక్షి. నీకింకా ఎన్నేండ్లుండాది సర్వీసు?"

"పంకజ తోట అది."

"ఆడబిడ్డ కాయలు కోసుకుని ఊరేగతాదా? పెండ్లి నేనే చేస్తా. నేను తిన్నదేముంది? తోట చీలిపోకుండా చూసినా, అంతే."

"ఎవరి వేలు అది?"

అప్పుడు మాత్రం నవ్వు ఆపాడు. గొంతు తగ్గించాడు.

"అడగొద్దక్కా. తెలిస్తే నువ్వే నోరు మూసుకుంటావు."

బస్సులో చిత్తూరు దాకా ఆ మాటే. మేస్త్రీ కుప్పుస్వామిని అనుమానించాను. సంతోషమ్మను కూడా అనుమానించి, ఆమె వేలు గుర్తొచ్చి మానుకున్నాను. పక్కసీటు ఆవిడ టిక్కెట్టు పట్టుకున్న వేలును చూశాను. మనుషులను వేళ్లుగా చూడటం ఒక రోజులోనే అలవాటైపోయింది.

సోమవారం పొద్దున పంకజ జడ వేసుకుంటూ నన్ను అడిగింది.

"పెద్దమ్మా, తిరుపతి హాస్టలు కాగితం ఏమైంది?"

"ఏ హాస్టలు కాగితం?"

"అమ్మ కర్మ రోజు మామ వేలేయించుకున్నాడు గదా, వచ్చే ఏడాదికి."

నా చేతిలో క్యారియరు మూత ఉంది. దాన్ని పెట్టడానికి కొంత సమయం పట్టింది.

"సంతకం చెయ్యడం వచ్చు గదా నీకు. వేలెందుకు వేసినావు?"

"సంతకమే చేస్తానన్నా. పద్దెనిమిది నిండనోళ్ల సంతకం చెల్లదంట, వేలే వెయ్యల్లంట. మడిచిపెట్టి ఉంటే, చదవల్ల మామా అన్నా." రిబ్బను పళ్లతో పట్టుకుని ముడి వేసింది. "అప్పుడు కింద నీ సంతకం చూపించినాడు. మీ పెద్దమ్మ చదవకుండా పెడతాదా అన్నాడు. అది నిజమే గదా అని వేసినా."

ఆమె ఎడమ బొటనవేలు నా కళ్ల ముందే జడ మీద కదులుతోంది. వాళ్లమ్మ ఆ చేతికి ఒక్క రోజు కూడా కాయ తగలనివ్వలేదు. సెలవుల్లో ఫ్యాక్టరీకి వస్తానన్నా వద్దంది.

"బడికి పొద్దుపోతా ఉంది" అన్నాను. ఇద్దరం కలిసే నడిచి పోయాం.

ఆ వారంలో నేను అడిగితే కుప్పుస్వామి జూన్ నెల హాజరు పుస్తకం తెచ్చి ఇచ్చాడు. పద్దెనిమిదో తేదీన మునిరత్నమ్మ అని పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది. వత్తులు కింది గీత దాటి పోయాయి. దాని చుట్టూ అంతా మచ్చలే. నేను తహసీల్దారుకు అర్జీ రాశాను. నేను చూడకుండా, చదవకుండా సాక్షి సంతకం పెట్టాను అన్నది మొదటి వాక్యం. అది రాయడం అనుకున్నంత కష్టం కాలేదు. ఉద్యోగం సంగతి వాళ్లు చూసుకుంటారు.

రెండో వాక్యం దగ్గర ఆగాను. ఆ ముద్ర ఎవరిదో అక్కడ రాయాలి. రాస్తే, పంకజను ఆఫీసుకు పిలిచి ఆమె వేలు ఇంకులో ముంచి పక్కన పెట్టి చూస్తారు. అప్పుడు ఆమెకు తెలుస్తుంది, వాళ్లమ్మ తోటను వదిలేసింది తన వేలేననీ, నన్ను నమ్మే వేసిందనీ. ఆ మాట ఆఫీసులో వినడం కంటే నా నోట వినడం మంచిది.

అర్జీ నా బల్ల సొరుగులో ఉంది. హాజరు పుస్తకమూ అక్కడే ఉంది. అది మొదలుపెట్టి ఈ రోజుకు పందొమ్మిది రోజులు. తోట దేవరాజులు పేరు మీదే ఉంది. పంకజకు నేను ఇంకా చెప్పలేదు.