దక్షిణపు గోడకు వాకిలి

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు చిత్తూరులో, చెంగల్రాయుడి చెనక్కాయల మిషనులో, అంటే వేరుశెనగ కాయలు ఒలిచే మిల్లులో, మేము నలభైమంది ఆడవాళ్ళం పనిచేసేవాళ్ళం. పొడుగాటి కొట్టం. మట్టిగోడలు, పైన తాటాకు. వాకిలి ఒక్కటే, తూర్పున. ఆ వాకిటి పక్కనే రవ్వలు కక్కే ఆయిల్ ఇంజను, దాని పక్కనే మనిషెత్తు పొట్టు కుప్ప. మేము పడమటి కొనలో చేటలు పట్టుకొని పప్పులు చెరుగుతూ కూర్చునేవాళ్ళం. అంటే నిప్పంటుకుంటే నిప్పులోంచే బయటికి పోవాలి. ఇది అర్థం కావడానికి చదువక్కర్లేదు. అయినా మా యజమానికి అర్థం కాలేదు.

మాఘమాసంలో ఒక రవ్వ ఎగిరి, వాకిట్లోంచి లోపలికొస్తున్న మా తోటి దేవకమ్మ చీర అంటుకుంది. తాగే నీళ్ళ కుండ కుమ్మరించి ఆర్పాం గానీ ఆమె కాలు కమిలిపోయింది. శుక్రవారం రాగానే యజమాని ఇంజనుకు బూడిదగుమ్మడికాయ కట్టించాడు.

మా అత్త గంగులమ్మ ఊరుకునే మనిషి కాదు.

"గుమ్మడికాయ నీళ్ళు పోస్తాదా అయ్యా? పడమర, ఉత్తరం పక్కోళ్ళ గోడలు. దక్షిణం పక్క ఇంకో వాకిలి తియ్యించు."

"దక్షిణం యముడి దిక్కు గంగులమ్మా. ఇంట్లో ఆ పక్క కిటికీ పెట్టిన ఏడే మా నాయన పోయినాడు. వాకిలి తీస్తే ఇంకేమన్నా ఉండాదా?"

ఆయన దుర్మార్గుడేం కాదు. నిజంగానే భయపడుతున్నాడు. దుర్మార్గుడైతే తిట్టయినా తిట్టొచ్చు, భయపడేవాడితో ఏం చేస్తాం?

అత్త బయట ఖాళీ జాగాలో గంపెడు పొట్టు పోసింది. "నువ్వే అంటించు అయ్యా. మంట ఆరేలోపల మేమందరం బయటికొస్తే నోరు మూసుకొని పని చేసుకుంటాం" అంది. పొగలో కళ్ళు కనబడవు గనుక అందరూ కళ్ళకు గుడ్డ కట్టుకోవాలని ఆమే షరతు పెట్టింది.

నాకప్పుడు ఏడో నెల. ఆయన పొట్టు అంటించగానే పడమటి కొన నుంచి తడుముకుంటూ బయల్దేరాం. గోనెసంచుల మీద పడ్డాం, ఒకరి కాళ్ళు ఒకరం తొక్కుకున్నాం. మంట ఆరేసరికి వాకిలి దాటింది పదహారుమంది. నేను లోపలే, సంచుల మధ్య పొట్ట పట్టుకొని నిలబడిపోయాను.

"లోపలుండే ఇరవై నాలుగుమంది సచ్చినట్టే. రా అయ్యా, వాళ్ళ మొగాలు సూడు. నా కోడలు పంకజాక్షి ఉండాది, పుట్టని నా మనవడుండాడు."

ఆయన తల దించుకున్నాడు. అయినా, "దక్షిణం మాత్రం వద్దు" అన్నాడు.

అత్త మూలనున్న గడ్డపార అందుకుంది.

"పనిలోంచి తీసేస్తా!"

"తీసెయ్. బతికుంటే ఇంకో మిషను సూసుకుంటాం."

వంతులవారీగా అందరం గోడ పొడిచాం. మధ్యాహ్నానికి మనిషి పట్టేంత కంత పడింది. అప్పుడు చెంగల్రాయుడు దగ్గరికి వచ్చి, బతిమాలినట్టుగా అన్నాడు.

"మొదట దాటినోళ్ళను యముడు ఇడిసిపెట్టడు. నా మాట ఇనండి."

అంతే. అంతసేపూ గడ్డపార పట్టిన చేతులే ఇప్పుడు కొంగులు నలుపుకున్నాయి. మాలో మాత్రం ఎవరింటికి దక్షిణపు వాకిలి ఉంది గనుక? అత్త ఒక అడుగు వేసి ఆగింది. నా పొట్టవైపు చూసింది.

"నేను దాటితే నీ కడుపు మీదికొస్తాదేమో మే" అని గొణిగింది.

యజమానిని నిలదీసిన మనిషి! నాకు ఒళ్ళు మండింది. ఎవరూ దాటని వాకిలి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. రేపు నిప్పంటుకుంటే మళ్ళీ అందరం తూర్పుకే పరిగెత్తి ఒకరి మీద ఒకరం పడి చస్తాం. నేను ముందుకు నడిచాను.

"వద్దే పంకజాక్షీ! ఒట్టి మనిషివి కూడా కాదు!" అత్త నా చెయ్యి పట్టుకుంది.

విడిపించుకున్నాను. భయం లేదని చెప్పను. పొట్ట అడ్డమొస్తే పక్కకు తిరిగి, ఒక కాలు అవతల పెట్టి, రెండోది లాక్కున్నాను.

అవతల ఏముందనుకున్నారు? కంపచెట్లు, రెండు కోళ్ళు, ఎండ. వెనక్కి తిరిగి కంతలోంచి చెయ్యి చాచాను.

"రా అత్తా. యముడు తూర్పు వాకిట్లో ఇంజను కాడ కూసోనుండాడు. ఈడ ఎవరూ లేరు."

అత్త నా చెయ్యి అందుకుంది.