చేలో లేచిన తాత

ఆ ఉదయం ఆకాశం కాలిన చేల పొగ కప్పుకుని ఉంది.

మబ్బు కొండ అంచుదాకా వచ్చింది. తొంగి చూసింది. వెనక్కి పోయింది...

గెర్రెరో కొండల్లో వాన లేదు. గింజ చల్లాలంటే అందరికీ భయం.

చేను మూల క్రెసెన్సియా గునపం ఖంగుమంది. మట్టి తోడింది. ఛాతీ మీద చేతులు ముడుచుకున్న పచ్చరాతి మనిషి. చేలో దొరికే అలాంటి పాత బొమ్మని ఊళ్ళో వాన తెచ్చే తాత అంటారు.

“లాలో! ఒరేయ్ లాలో! చేని తాత లేచాడురా!”

కొడుకు వచ్చాడు. చూశాడు.

తాత పుట్టింది నిరుడు.

పాతకాలపు పూజబొమ్మల పోలిక పట్టి లాలోనే చెక్కాడు. నిమ్మరసం, మసి పట్టించి, పాతదిలా కనబడాలని తనే పాతిపెట్టాడు. ఊళ్ళో శిల్పులందరూ చేసేదే — కొత్త రాయంటే పట్నంవాళ్ళు మొహం తిప్పుకుంటారు. అమ్మ గునపం ఆ మూలకు రాదనుకున్నాడు.

“చూడు, పెద్దల పనంటే ఇదీ! నీ అమ్ముడుబొమ్మలకి ఈ మొహం ఎక్కణ్ణుంచొస్తుంది?”

లాలో రాతివైపు చెయ్యి చాపాడు.

“ముట్టుకోకు. ముందా చేతులు కడుక్కో.”

కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. గోళ్ళ సందున పచ్చపొడి... పోదు.

మధ్యాహ్నానికి చేను నిండా జనం. బంతిదండలు. ధూపం. పక్కచేని శిల్పి ఫిదెన్సియో వంగి చూశాడు.

“తాతకి ఎడం చెవి వంకరేం, వదినా? లాలో బొమ్మలకీ ఇంతేగా!”

“నీ చూపే వంకర, మరిదీ. పోయి కొవ్వొత్తి ముట్టించు.”

ఫిదెన్సియో లాలో వైపు తిరిగి నవ్వబోయాడు. నవ్వు రాలేదు. తన చేలో తను పాతినవి గుర్తొచ్చాయేమో.

క్రెసెన్సియా విత్తనాల బుట్ట తెచ్చి రాతి ముందు దించింది. ఇంట్లో మిగిలిన గింజంతా అదే.

“తాత లేచాడంటే వాన దారిలో ఉన్నట్టే. తిని లేవగానే చల్లేద్దాం.”

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. వాన రాకపోతే — ఆ గింజ తిరిగి రాదు.

“అమ్మా...”

“ష్! తాత తినే వేళ.”

తాత తినేటప్పుడు ఎవరూ నోరు విప్పకూడదు. అదక్కడి కట్టుబాటు.

లాలో ఆ కట్టుబాటు వెనక దాక్కున్నాడు. దాక్కుంటున్నానని తెలుసు.

ఆమె మొక్కజొన్న పొత్తు ఆకు పొట్లం విప్పింది. ఉడికిన మొక్కజొన్న ముద్దను మిరప పులుసులో ముంచి రాతి పెదాలకు అద్దింది. రెండో ముద్ద కొడుకు చేతిలో పెట్టింది.

అందరూ కూర్చున్నారు. అందరూ తిన్నారు. నమిలే చప్పుడే.

లాలో చేతిలో ముద్ద అలాగే ఉంది.

రాతి గడ్డం మీదికి ఎర్ర పులుసు కారింది.

అమ్మ వంగి, శాలువా చెంగుతో మెల్లగా తుడిచింది — పసివాడి మూతి తుడిచినట్టు.