ఎర్ర చుక్క

రబ్బరు చక్రం మార్చాలి, మోటారుకు నూనె వేయాలి, కొత్త సూది పెట్టాలి, మురికి గీకాలి. బాపు వాళ్ల అవ్వ, అంటే మా నానమ్మ గ్రేస్ పాడిన ఒకే ఒక్క రికార్డును బాపుకు వినిపించాలని, కరీంనగర్‌లో అమ్మకానికి వచ్చిన ఆదిలాబాద్ రేడియో స్టేషన్ పాత టర్న్‌టేబుల్ కొని, ఈ పనులు రాసుకున్నాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. అన్నీ వరుసగా చేశాను.

పాట నెమ్మదిగా, బరువుగా మొదలైంది.

"గీ మొగ గొంతు ఎవలిదిర?" అన్నాడు బాపు.

ఒకప్పుడు ఆ మిషన్ నడిపిన జబ్బార్ చాచాను ఆదిలాబాద్ నుంచి పిలుచుకొచ్చాను.

"సరైన స్పీడు తెలిసెటట్టు నాబ్ కాడ ఎర్ర చుక్క పెట్టిన. ఏది?"

"మురికి అనుకొని గీకిన, చాచా."

"మంచిగ చదువుకున్నవ్ బేటా. ఆనవాలు లేకుంట గీకినవ్."

ఆయన కళ్లు మూసుకుని వింటూ, నాబ్ కొంచెం కొంచెంగా తిప్పాడు.

"ఆగు జబ్బార్. గిదే మా అవ్వ," అన్నాడు బాపు.

చెల్లెలి గోళ్ల రంగుతో చాచా చేతనే చుక్క మళ్లీ పెట్టించాను. పాత పాట ఎక్కడైనా సరిగ్గా వినబడితే, జబ్బార్ చాచాను ఒకసారి తలచుకోండి.