దక్షిణపు బురుజు

సింగన్నగుట్ట కోటను దక్షిణం వైపు నుంచి ఎక్కినవాళ్లు లేరు. అటు నున్నటి బండ నిలువుగా లేచి ఉంటుంది. దాని నెత్తిన రాతి బురుజు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పగలు వెళ్తే కావలివాళ్లు తరిమేస్తారు. అందుకే ఉమారాణి, ప్రవీణ్ వెన్నెల రాత్రి చూసుకొని వెళ్లారు. ఇద్దరూ పోచంపల్లి నేతవాళ్ల పిల్లలు, ఒకే వాడ. బండలెక్కడం ఒకే శిబిరంలో నేర్చుకున్నారు.

ప్రవీణ్ ఫోన్‌ను వీడియోకు పెట్టి ఒక రాయికి ఆనించారు. తాడు నడుముకు కట్టుకొని ముందు ఉమ ఎక్కింది. పగుళ్లలో వేళ్లు జొనిపి పాక్కుంటూ పోయి, బురుజు అంచు పట్టుకొని వేలాడింది. కాళ్ల కింద గాలి తప్ప ఏమీ లేదు. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపుతో పైకి లేచింది. తాడును గట్టి రాతికి చుట్టి, ప్రవీణ్‌ను రమ్మని కేకేసింది.

బురుజు కిందికి వచ్చేసరికి అతను బిగుసుకుపోయాడు.

"నాతోని గాదు ఉమా. పట్టు దొరుకుతలేదు."

"కిందికి జూడకు, నా దిక్కు జూడు. తాడు నేను వట్టుకున్న గదా, ఫికర్ జెయ్యకు."

గోడకు కాళ్లు తన్నిపెట్టి గుంజింది. అరచేతుల తోలు లేచిపోయింది. పైకి రాగానే అతను బోర్లా పడి ఏడ్చాడు. ఆమె పక్కన కూర్చొని నీళ్లు తాగించింది. తను గెలిచానని ఆమెకు అప్పుడు తెలిసింది. తూర్పు తెల్లబడేదాకా నవ్వుతూనే ఉంది.

వారం తిరగకముందే ఆ వీడియోలో ఉమ ఎక్కిన ముక్క ఊరూరా తిరిగింది. బురుజుకు వేలాడుతున్న మనిషి మొహం వెన్నెల్లో ఆనవాలు పట్టలేం. కింద ప్రవీణ్ పేరు ఒక్కటే ఉంది. అతనికి శాలువాలు కప్పారు. ఆడపిల్లల గురుకులంలో కొండలెక్కడం నేర్పే కొలువు ఇచ్చారు.

ఉమ అతని ఇంటికి వెళ్లి నిలదీసింది.

"గా వీడియోల ఉన్నది నేను గాదా?"

ప్రవీణ్ తల ఎత్తలేదు. "వీడియో పెట్టే ముందు చూపిస్తే, నీ పేరు పెట్టొద్దని మీ అమ్మనే అన్నది."

ఇంటికొచ్చి అడిగితే, నూలు చుడుతున్న తల్లి నాగులమ్మ దాచలేదు.

"అవ్, నేనే అన్న. రాత్రంత మొగపోరనితోని గుట్టమీద ఉన్నదంటే నిన్నెవలు జేసుకుంటరే?"

"మరి వాణ్ని ఎవలు జేసుకుంటరమ్మా?"

"వాడు మొగోడు."

మగ్గం మీద ఉన్న తండ్రి చేయి ఆపాడు. ఏదో అంటాడని ఉమ చూసింది. అతను తెగిన పోగు ముడేసి, మగ్గం మళ్లీ ఆడించాడు.

చలికాలంలో ప్రవీణ్ ఫోన్ చేశాడు.

"పిల్లలు గా బురుజు ఎట్ల ఎక్కాల్నో చూపియ్యుమంటున్నరు. జర ఒక్క పూట వచ్చిపో ఉమా. ఎవలకు చెప్పను."

"నేనెప్పుడెక్కిన ప్రవీణ్?" అని పెట్టేసింది.

ఆ మాట అన్నందుకు ఆమెకు ఏ సంతోషమూ కలగలేదు. ఆ పిల్లల్లో తనలాంటిది ఒకతి ఉంటుందని, దానికి నేర్పేవాళ్లు లేరని అనుకుంటూ రాత్రంతా మేలుకుంది. తర్వాత ఆమె చీరల దుకాణంలో పనికి కుదిరింది. ప్రవీణ్ గురుకులం పిల్లల్ని ఉత్తరం వైపు మెట్లదారిన కోటకు తీసుకెళ్లి, ఫోటోలు దిగి, దించుకొచ్చాడని ఎవరో చెప్పారు.