అక్క కార్డు మీద ఐదేళ్లు

మా లాండ్రీలో నన్ను అందరూ మా తోడికోడలి పేరుతోనే పిలుస్తారు. నేనూ పలుకుతాను. పని చేసుకునే పర్మిట్ కార్డు అక్కది, చెమట నాది. ఆవిడకు కాగితాలున్నాయి, నాకు లేవు. మాలాంటివాళ్లం ఇంటికొక కార్డు మీద బతకడం ఈ పరాయి దేశంలో మామూలే. మా మగవాళ్లిద్దరూ పని దొరికిన ఊళ్లన్నీ పట్టుకు తిరుగుతారు. నేను ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ యంత్రంలోకి తోస్తుంటే, అక్క గదిలో ఉండి తన కొడుకునీ నా కూతుర్నీ పెంచింది. ఐదేళ్లు అలాగే గడిచాయి.

ఆ ఐదేళ్లలో మమ్మల్ని చూసే చూపు ఎన్నిసార్లు మారిందో! నేను చేరిన కొత్తలో పని పుష్కలం. తనిఖీవాళ్లు వచ్చినా టీ తాగి వెళ్లిపోయేవాళ్లు. తర్వాత ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. అంతే, టీవీలో మేమే దొంగలమైపోయాం, ఊళ్లో ఉద్యోగాలన్నీ మేమే మింగేశామట. రెండు నెలలు మాసిన గుడ్డల గదిలో దాక్కుని పనిచేశాను. ఇప్పుడేమో మళ్లీ చేతులు చాలడం లేదట! మూడేళ్లు పనిచేసినట్టు యజమాని ఉత్తరం తెస్తే కాగితాలిస్తారట. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని ఊరికే అన్నారా?

ఆ కాగితాలకి గడువు ఇవాళ్టితో సరి. పొద్దున్నే సూపర్‌వైజర్ ముందు నిలబడ్డాను.

"నా పేరుతో ఉత్తరం రాయండి సార్."

"నీ పేరెక్కడుందమ్మా? రిజిస్టర్లో ఉన్నది మీ అక్క. నీకు రాశానంటే ఆవిడ ఒక్కరోజూ పని చెయ్యలేదన్నట్టే. వచ్చే నెల ఆవిడ పర్మిట్ పొడిగించుకోవాలిగా, ఈ ఐదేళ్ల పనే చూస్తారు. లేదంటే తల్లినీ కొడుకునీ బండెక్కించి దేశం దాటిస్తారు."

ఇన్నేళ్లలో ఈ సంగతి నాకు తట్టనే లేదు. నా బుద్ధి కాలా! పక్కకెళ్లి అక్కకు ఫోన్ చేసి చెప్పాను.

"కష్టం నీది. నీ పేరే రాయించుకో. మేం ఎలాగోలా పోతాంలే," అంది అక్క. వెనకనుంచి నా కూతురు, "పెద్దమ్మా, జడ వెయ్యవా?" అని గారాలు పోతోంది.

"ఎలాగోలా పోవడమేంటి? నువ్వూరుకో అక్కా!" అని కసిరి ఫోన్ పెట్టేశాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. తర్వాత ముక్కు తుడుచుకుని, వెళ్లి యంత్రం ఆపేశాను.

బయట దుప్పట్ల కోసం వచ్చిన ఆసుపత్రి లారీ హారన్ కొడుతోంది. సూపర్‌వైజర్ పరిగెత్తుకొచ్చాడు.

"ఉత్తరం అక్క పేరుతోనే రాయండి. ఐదేళ్లూ ఆవిడకే," అన్నాను.

"అలా దారికి రా! మరి యంత్రం వెయ్యి."

"అక్క ఇవాళ్టితో మానేసింది సార్. నన్ను నా పేరుతో చేర్చుకోండి. యజమాని తరఫున మీరు హామీ సంతకం పెడితే కొత్తవాళ్లకి ఏడాది పని చీటీ ఇస్తున్నారుగా."

"సంతకం పెట్టి తలనొప్పి కొనితెచ్చుకోనా? నువ్వు కాకపోతే ఇంకొకరు!"

"పిలవండి మరి ఆ ఇంకొకరిని. కూర్చుంటాను."

ఆయన గేటువైపు చూశాడు. పనుల్లేని రోజుల్లో అక్కడ పొద్దున్నే నలభై మంది నిలబడేవాళ్లు. ఇవాళ నరపురుగు లేదు. లారీ మళ్లీ హారన్ కొట్టింది.

"మొండిఘటం!" అంటూ కాగితం లాగాడు. ముందు అక్క ఉత్తరం రాయించి, ముద్ర వేయించి, సంచిలో భద్రంగా పెట్టుకున్నాను. ఏడాది తిరిగేసరికి పని తగ్గితే నా చీటీ చించి పారేస్తారు, తెలుసు. ఆ సంగతి ఆ రోజు చూసుకుంటాను.

ఇక నా ఫారం. నా పేరు చెబితే రెండుసార్లు అడిగాడు. ఈ షెడ్డులో ఆ పేరు ఎవరూ విన్నది కాదు.

"ఈ పనిలో అనుభవం?" తలెత్తకుండానే అడిగాడు.

నా రెండు ముంజేతులూ ఆయన బల్లమీదే ఉన్నాయి, మోచేతులదాకా కాలిన మచ్చలతో.

"లేదని రాయండి సార్," అన్నాను. "ఇవాళే చేరాను."